బెడ్‌సైడ్ నర్సింగ్ నుంచి ఆఫీసు వెల్‌నెస్ కోచింగ్‌కి: హైదరాబాద్ నర్సులకు సమగ్ర మార్గదర్శి

"నైట్ డ్యూటీలు ఇక నా వల్ల కాదు, కంపెనీల్లో వెల్‌నెస్ కోచ్‌గా వెళ్లొచ్చా?" అని అడిగే స్టాఫ్ నర్సుల కోసం ఇది. వెళ్లొచ్చు. కాకపోతే చాలామంది వరస తప్పుతారు. ముందు రాజీనామా చేసి, ఆనక కోర్సులో చేరి, ఆపైన కంపెనీల వెంట పడతారు. చేయాల్సింది దాదాపు దీనికి తలకిందులుగా: ముందు ప్రాక్టీసు, దాంతోపాటే కోర్సు, తర్వాత ఒక కంపెనీలో చిన్న పైలట్ (ప్రయోగాత్మక కార్యక్రమం), అన్నిటికన్నా చివర రాజీనామా. డ్యూటీ చేసుకుంటూ మొదలుపెట్టేవాళ్లు ఏడాది పడుతుందనుకుని బయల్దేరితే కంగారు ఉండదు.

## 1. ఏ పనికి వెళ్తున్నారో తేల్చుకోండి

"వెల్‌నెస్" అనే బోర్డు కింద ఈ ఊళ్లో వేర్వేరు పనులు నడుస్తున్నాయి. ప్రకటనలో హోదా పేరు చూసి ఊరుకోకండి, రోజంతా ఏం చేయిస్తారో అడగండి.

- వెల్‌నెస్ కోచ్: ఉద్యోగులతో విడివిడిగానో చిన్న గ్రూపుగానో కూర్చుని నిద్ర, తిండి, నడక, ఒత్తిడి, పొగ మానడం లాంటి అలవాట్ల మీద వారాల తరబడి పని చేయడం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీలు ఎక్కువగా అడిగేది ఇదే.
- ఆక్యుపేషనల్ హెల్త్ నర్సు: జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల ఫ్యాక్టరీల్లో. 500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో చట్టప్రకారం అంబులెన్స్ రూమ్ ఉండాలి కాబట్టి నర్సు పోస్టులు అక్కడ నిలకడగా ఉంటాయి.
- ఆసుపత్రి కార్పొరేట్ హెల్త్ డెస్క్: మాస్టర్ హెల్త్ చెకప్‌లు, కంపెనీలతో టై-అప్‌లు చూసే విభాగం.
- డబ్బాలు అమ్మే "కోచ్": పౌడర్లు, సప్లిమెంట్లు అమ్మి కమీషన్ తీసుకునే పని. దీని జోలికి వెళ్లొద్దు. ఒక్కసారి చేతిలో డబ్బాతో కనిపించారంటే ఆ తర్వాత ఏ హెచ్‌ఆర్ మేనేజరూ మీ మాట ఆరోగ్య సలహాగా వినరు.

నెల జీతం ఆగితే ఇల్లు గడవని పరిస్థితిలో ఉన్నవాళ్లు నేరుగా మొదటి పనికి దూకొద్దు. రెండోదో మూడోదో మధ్య మెట్టుగా పెట్టుకోండి. మీ ఆసుపత్రిలోనే హెల్త్ చెకప్ విభాగానికి బదిలీ అడగడం అన్నిటికన్నా తేలిక. డే డ్యూటీ దొరుకుతుంది, కంపెనీల వాళ్లు రోజూ కళ్ల ముందే తిరుగుతారు.

## 2. కాగితాలు సర్దుకోండి

నర్సింగ్ రిజిస్ట్రేషన్ మాత్రం వదులుకోవద్దు. బెడ్‌సైడ్ మానేస్తున్నాం కదా అని రెన్యువల్ వదిలేసేవాళ్లున్నారు. కంపెనీ దృష్టిలో మిగతా కోచ్‌లకీ మీకూ ఉన్న తేడా ఆ నంబరే.

- రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, రెన్యువల్ తేదీ; జాతీయ రిజిస్టర్‌లో మీ ఎన్‌యూఐడీ (గుర్తింపు నంబరు)
- సీఎన్ఈ (నిరంతర నర్సింగ్ విద్య) గంటల సర్టిఫికెట్లు, ఒకే ఫైలులో
- అనుభవ పత్రం: "స్టాఫ్ నర్సు" అని మాత్రమే కాక విభాగం (కార్డియాక్ ఐసీయూ, డయాలసిస్, మెడికల్ వార్డు), తేదీలు కనిపించేలా
- బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) సర్టిఫికెట్, గడువు తీరనిది
- ఆసుపత్రి దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంటే వాటి వివరాలు, బాండ్ గడువు

రెజ్యూమేలో వార్డు పనులని వార్డు భాషలోనే రాస్తే హెచ్‌ఆర్‌కి అర్థం కాదు. "ఐవీ కాన్యులేషన్, మెడికేషన్ అడ్మినిస్ట్రేషన్" అని అరపేజీ నింపే బదులు "డిశ్చార్జ్ అయ్యే షుగర్ పేషెంట్లకి ఇన్సులిన్ వాడకం నేర్పడం", "షిఫ్ట్‌లో కొత్త నర్సులకి శిక్షణ" లాంటివి పైకి తెండి. మీరు ఇన్నాళ్లూ చేసినవే అవి.

## 3. హద్దులు గీసుకోండి

మన దేశంలో "వెల్‌నెస్ కోచ్" అనే పేరుకి లైసెన్సు లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే హద్దు మీరే గీసుకోవాలి, రాతపూర్వకంగా, మొదటి సెషన్‌కి ముందే.

చేయొచ్చు:
- ఉద్యోగి తానే ఎంచుకున్న అలవాటుపై లక్ష్యం పెట్టించడం, వారంవారం చూడటం
- అందరికీ ప్రచురించిన మార్గదర్శకాలు చెప్పడం. ఉదాహరణకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు, వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం. తిండి విషయంలో మన ఊళ్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలే ఆధారంగా పెట్టుకోండి
- డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడంలో సాయపడటం

చేయకూడదు:
- రోగం పేరు చెప్పడం, మందు మార్చడం, "ఆ టాబ్లెట్ సగం వేసుకోండి" అనడం
- షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డైట్ చార్ట్ రాసివ్వడం. అది డైటీషియన్ పని
- మానసిక చికిత్స. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉండాలి
- కరపత్రంలో "షుగర్ నయం", "బరువు గ్యారంటీగా తగ్గింపు" అని వేయడం. నయం చేస్తామని ప్రకటించకూడదంటూ 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇచ్చిన జబ్బుల షెడ్యూల్‌లో మధుమేహం, ఊబకాయం, బీపీ మూడూ ఉన్నాయి

కోచ్‌గా కూర్చున్నా మీరు నర్సే. కాబట్టి ప్రమాద సూచన కనిపిస్తే "అది నా పని కాదు" అని ఊరుకోవడానికి వీల్లేదు. దాని సంగతి ఆరో భాగంలో.

## 4. సలహా చెప్పే అలవాటు మానుకోండి

మారేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సబ్జెక్టు తెలియక కాదు, మరీ తెలిసి. వార్డులో పేషెంటు అడిగేలోపే జవాబు చెప్పడం మంచి నర్సు లక్షణం. ఆరు గంటల మందు ఆరింటికే పడాలి, అక్కడ చర్చకి తావు లేదు. ఆఫీసులో మీ ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చేయాలో చాలావరకు ముందే తెలుసు. ఎందుకు చేయలేకపోతున్నాడన్నదే మీరు వినాల్సింది.

అమెరికా షిఫ్ట్‌లో పని చేసే 34 ఏళ్ల ఉద్యోగి అనుకోండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. అంటే షుగర్ ఇంకా రాలేదు కానీ అంచున ఉన్నాడు.

"రాత్రి రెండింటికి ఆకలేస్తుంది మేడం. క్యాంటీన్‌లో అప్పుడు సమోసాలు, బజ్జీలే ఉంటాయి."

అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేది: "అవి మానేసి బాక్సులో పండ్లు తెచ్చుకోండి." అతను "అలాగే మేడం" అంటాడు, వచ్చే వారం సెషన్‌కి రాడు.

రావాల్సింది: "ఆకలేసే టైముకి దొరికేవి అవే అన్నమాట. ఇందులో మీ చేతిలో ఉన్నది ఏదైనా కనిపిస్తోందా?"

"సాయంత్రం టీ మాత్రమే తాగి బయల్దేరతానండీ. ఏదైనా తిని క్యాబ్ ఎక్కితే రెండింటిదాకా ఆగొచ్చేమో."

దారి అతనే చెప్పాడు. ఇప్పుడు కొలవండి: "వారంలో మూడు రోజులు అలా తిని వెళ్లగలనన్న నమ్మకం పదికి ఎంత?" ఐదు అన్నాడనుకోండి. "ఎనిమిది ఎందుకు కాదు?" అని అడిగితే సాకులు బయటికొస్తాయి. "రెండో మూడో అనకుండా ఐదు ఎందుకన్నారు?" అని అడగండి, చేయడానికి తనకున్న కారణాలు తానే చెప్పుకుంటాడు. ఏడుకి తక్కువ ఉంటే లక్ష్యాన్ని చిన్నది చేయండి: మూడు రోజులు కాదు, ఒక్క రోజు.

మిల్లర్, రోల్నిక్ రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి ఇదే. దాని పనిముట్లు నాలుగు: అవును-కాదు అని తేల్చలేని ప్రశ్న, చేసినదాన్ని గుర్తించి చెప్పడం, విన్నదాన్ని తిప్పి చెప్పడం, చివర్న అంతా కూడగట్టి క్లుప్తంగా చెప్పడం. నర్సులకి మూడోది కష్టంగా ఉంటుంది, ఎందుకంటే విన్న వెంటనే చార్ట్‌లో రాయడమే మనకి అలవాటు.

సాధన ఇలా చేయండి: అనుమతి తీసుకుని 20 నిమిషాల మాట రికార్డు చేయండి. తర్వాత వింటూ మీ ప్రశ్నలు ఎన్ని, తిప్పి చెప్పినవి ఎన్ని, అడగకుండా ఇచ్చిన సలహాలు ఎన్ని, మూడు గీతల్లో లెక్కపెట్టండి. మొదట్లో సలహాల గీతే పొడుగ్గా ఉంటుంది. సమాచారం ఇవ్వక తప్పనప్పుడు "దీని గురించి ఒక మాట చెప్పమంటారా?" అని అడిగి, చెప్పి, "మీకేమనిపిస్తోంది?" అని మళ్లీ వాళ్లకే అప్పగించండి.

## 5. కోర్సు, ప్రాక్టీసు గంటలు

రెండు రోజుల వారాంతపు సర్టిఫికెట్లు గోడకి బాగుంటాయి. కోర్సులో డబ్బు కట్టేముందు ఇవి చూడండి:

- మీ సెషన్‌ని ఎవరైనా విని తప్పులు చెబుతారా? లేకపోతే అది కోర్సు కాదు, వీడియోల కట్ట
- క్లాసులు మీ షిఫ్ట్‌లకి కుదురుతాయా, మిస్సయితే ఏం చేయాలి
- ఏ సంస్థ గుర్తింపు ఉందంటున్నారు? ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరు మీరే వెతకండి

పెద్ద అంతర్జాతీయ కంపెనీల్లో రెండు గుర్తింపులు వినిపిస్తాయి. ఒకటి అమెరికాలోని నేషనల్ బోర్డ్ ఫర్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచింగ్ పరీక్ష. దానికి బోర్డు ఆమోదించిన కోర్సుతోపాటు 50 సెషన్ల లాగ్ కావాలి. ఒక్కో సెషన్ కనీసం 20 నిమిషాలు ఉండాలి, అందులో 75 శాతం పాఠం చెప్పడం కాకుండా కోచింగే అయ్యుండాలి. ఇంట్లోవాళ్లు, స్నేహితులతో చేసినవి లెక్కలోకి రావు. రెండోది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే మొదటి స్థాయి గుర్తింపు, ఏసీసీ: 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, 10 గంటల మెంటర్ కోచింగ్. ఈ రెండూ ఇక్కడ చట్టప్రకారం అవసరం లేదు, చిన్న కంపెనీలు అడగవు కూడా. మొదటి పైలట్ దొరికేదాకా ఆ ఖర్చు ఆపుకున్నా నష్టం లేదు. లాగ్ మాత్రం మొదటి రోజు నుంచే రాయండి: తేదీ, నిమిషాలు, మనిషి కోడ్, ఎంచుకున్న అలవాటు, నమ్మకం పదికి ఎంత, తర్వాతి తేదీ. పేరు రాయొద్దు.

ప్రాక్టీసుకి మనుషులు ఎక్కడ? మీ వార్డు పేషెంట్లని మాత్రం తీసుకోవద్దు. అపార్ట్‌మెంట్ సంఘం, పాత క్లాస్‌మేట్లకి తెలిసిన ఐటీ ఉద్యోగులు, పిల్లల స్కూల్ తల్లిదండ్రులు చాలు. నలుగురితో ఆరేసి వారాలు చేస్తే, ఇరవై మందితో ఒక్కోసారి చేసినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటారు. మూడో వారంలో ఉత్సాహం పడిపోయాక ఏం చేయాలో తెలిసేది అలాగే.

## 6. ప్రమాద సూచనలు: ముందే రాసి పెట్టుకోండి

గోప్యతకి ఉన్న మినహాయింపుని మొదటి సెషన్ మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పండి: "మీరు చెప్పింది మీ మేనేజర్‌కి వెళ్లదు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం సాయం పిలుస్తాను." తర్వాత చెబితే నమ్మకద్రోహం అనిపిస్తుంది.

- బీపీ 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉంటే: 108. లక్షణాలేమీ లేకపోతే కూర్చోబెట్టి ఐదు నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి.
- "బతకాలని లేదు" లాంటి మాట: మాట మార్చకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తక్షణ ప్రమాదమైతే 108.
- లైంగిక వేధింపు: వినండి, దర్యాప్తు చేయకండి. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు కంపెనీ అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా వెళ్లాలి. ఆ దారి చెప్పండి, నిర్ణయం వాళ్లది.

డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9ని "ఊరికే ఒక సర్వే" లా వందమందికి పంపొద్దు. అందులో తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. ఎవరో "అవును" అని పెట్టి, మీరు దాన్ని మూడు రోజుల తర్వాత చూస్తే? అదే రోజు స్పందించే సైకియాట్రిస్టు ఏర్పాటు లేకుండా ఆ ఫారం తెరవొద్దు.

## 7. మొదటి కంపెనీ పైలట్

హెచ్‌ఆర్ ఒక్కటే తలుపు కాదు. ఫార్మా ప్లాంట్లలో ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే) విభాగం, ఐటీలో అడ్మిన్, గ్రూప్ ఇన్సూరెన్స్ చూసే బ్రోకర్లు, ఉద్యోగుల కౌన్సెలింగ్ సేవలిచ్చే సంస్థలు కూడా కోచ్‌ల కోసం చూస్తుంటాయి.

ఒక పేజీ ప్రతిపాదన చాలు. అడగాల్సింది కూడా చిన్నదే: ఒక టీము, 12 నుంచి 15 మంది, ఎనిమిది వారాలు, ఒకటే అంశం. నైట్ షిఫ్ట్ నిద్ర దగ్గర మొదలుపెడితే మంచిది. నైట్ డ్యూటీ చేసినవాళ్లు చెబితే వినే తీరే వేరు.

- మొదటి వారం: 40 నిమిషాల పరిచయం, సమ్మతి పత్రాలు, డబ్ల్యూహెచ్‌ఓ-5 (మనసు ఎలా ఉందో కొలిచే చిన్న ప్రశ్నావళి) ప్రశ్నలు
- రెండు నుంచి ఏడు: ఒక్కొక్కరితో మొదటిసారి 45 నిమిషాలు, తర్వాత వారం విడిచి వారం 20 నుంచి 30 నిమిషాలు
- ఎనిమిదో వారం: మళ్లీ డబ్ల్యూహెచ్‌ఓ-5, హెచ్‌ఆర్‌కి రెండు పేజీల నివేదిక

డబ్ల్యూహెచ్‌ఓ-5లో ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే వందకి స్కోరు. 50 లోపు వస్తే మనసు పరిస్థితి గురించి ఇంకాస్త మాట్లాడాలని అర్థం. జబ్బుందని కాదు.

సెషన్ టైము వాళ్ల షిఫ్ట్‌లో పెట్టించండి. సాయంత్రం ఆరున్నరకి లాగిన్ అయ్యేవాళ్లకి ఉదయం పదకొండుకి సెషన్ పెడితే నిద్ర గురించి మాట్లాడటానికి వాళ్ల నిద్రే చెడగొట్టినట్టు.

నివేదికలో మొత్తం అంకెలే ఉండాలి. పదిమంది లోపు గుంపుని విడదీసి చూపొద్దు. "టెస్టింగ్ టీములో 45 దాటిన మహిళల సగటు" అని రాస్తే, ఆ టీములో అలాంటివారు ఒక్కరే ఉంటే పేరు రాసినట్టే. నోట్సు కంపెనీ ల్యాప్‌టాప్‌లో గానీ హెచ్‌ఆర్ చూడగల షీట్‌లో గానీ ఉంచొద్దు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి తీసుకోవాలి. సమ్మతి పత్రం తెలుగులో కూడా ఇవ్వండి.

మధ్యలో ఎవరో మేనేజర్ "మా వాడు ఎలా ఉన్నాడు మేడం?" అని కాఫీ మెషీన్ దగ్గర నవ్వుతూ అడుగుతారు. "వస్తున్నారా లేదా" అన్నది కూడా చెప్పకండి.

క్యాంపు పెట్టమంటే: బీపీ, షుగర్ క్యాంపుతోనే మొదలుపెట్టమని చాలా కంపెనీలు అడుగుతాయి. వేలి సూది పరీక్షలు మీరొక్కరే చేయొద్దు, ల్యాబ్‌తోనో ఆసుపత్రితోనో కలిసి చేయండి. వాడిన లాన్సెట్లు పంక్చర్ కాని తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో పడి, ఆ రోజే వాళ్లతో వెళ్లిపోవాలి. ప్యాంట్రీ చెత్తబుట్టలో ఒక్క సూది దొరికినా మీ పైలట్ అక్కడితో సరి.

బీపీ తప్పులు అందరికీ తెలిసినవే, హడావిడిలో జరిగిపోతాయి. అరగంట ముందు కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ఐదు నిమిషాలు వెన్ను ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి పెద్ద కఫ్ ఒకటి వెంట ఉండాలి. అంకె గట్టిగా చదవకండి, చీటీ మీద రాసివ్వండి. వెనక క్యూలో వాళ్ల టీమ్ లీడ్ నిలబడి ఉండొచ్చు.

## 8. రాజీనామాకి ముందు

ఒక పైలట్ పూర్తయి, రెండోదానికి మెయిల్‌లో ఖరారు వచ్చాకే నోటీసు ఇవ్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి.

- ఈఎస్ఐ: జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ ఉంటే, మానేశాక కొంతకాలానికి ఆ కవరేజీ పోతుంది. కుటుంబానికి పాలసీ ముందే తీసుకోండి. కొత్త పాలసీలో ప్రమాదాలకి తప్ప మొదటి 30 రోజులు సాధారణంగా క్లెయిమ్ ఉండదు.
- పీఎఫ్: వెంటనే తీసేయొద్దు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడొచ్చు.
- గ్రాట్యుటీ: ఐదేళ్లకి రెండు మూడు నెలలే తక్కువ ఉంటే ఆగండి.
- ఒరిజినల్స్, రిలీవింగ్ లెటర్: చివరి రోజు చేతికి రావాలి. "తర్వాత రండి" అంటే ఆ మాటే మెయిల్‌లో రాయించుకోండి.

## 9. ఫీజు, బిల్లు

గంటకి ఎంత అని లెక్కేస్తే మోసపోతారు. ఉదాహరణకి దిల్‌సుఖ్‌నగర్ నుంచి నానక్‌రామ్‌గూడలో గంట సెషన్‌కి వెళ్లాలి. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం, అక్కడి నుంచి ఆటో, మళ్లీ వెనక్కి: మూడు గంటలు. తయారీ రెండు, ఫోన్లు మెయిళ్లు ఒకటి, నివేదిక ఒకటి. గంట పని ఎనిమిది గంటలు తింది. అందుకే ఇప్పటి జీతం (నైట్ అలవెన్సు, పీఎఫ్ కలిపి) నెలకి ఎన్ని పనిదినాలకి వస్తోందో చూసి, కోచ్‌గా నెలలో సగం రోజులే బిల్లు పడతాయనుకుని రోజు ధర కట్టండి. అంటే ఇప్పటి రోజుకూలికి రెట్టింపు, దానిపై ప్రయాణం. అంతకన్నా తగ్గితే వార్డులో ఉండటమే నయం.

- పెద్ద కంపెనీలు ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. రిటర్ను వేస్తే లెక్క తేలుతుంది
- సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు సాధారణంగా అక్కర్లేదు
- ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బు అడిగే సైట్లు వేరేవాళ్లవి. నమోదు ఉంటే, రాతపూర్వక ఒప్పందంలో గడువు ఎంత రాసుకున్నా కంపెనీ గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి
- ఒప్పందంలో ఈ మూడు ఉన్నాయో చూడండి: వ్యక్తిగత నోట్సు కంపెనీకి ఇవ్వనవసరం లేదన్నది, ఉద్యోగులు సెషన్‌కి రాకపోయినా ఆ స్లాట్‌కి ఫీజు ఇస్తారన్నది, ఆఖరి 24 గంటల్లో రద్దు చేస్తే ఎంత ఇస్తారన్నది

మొదటి బిల్లు వెండర్ నమోదు (కంపెనీ చెల్లింపుల జాబితాలో మీ పేరు చేరడం) పూర్తికాక ఆగిపోవడం మామూలే. పాన్, రద్దు చేసిన చెక్కు, ఉద్యమ్ సర్టిఫికెట్ పైలట్ మొదటి వారంలోనే పంపి, వెండర్ కోడ్ వచ్చిందో లేదో అకౌంట్స్ వాళ్లని నేరుగా అడగండి. హెచ్‌ఆర్ "అయిపోయింది" అన్న మాట మీద ఉండొద్దు.